రంగుల మ్యాపు ఎవరికన్నయ్యా?

అది కాదన్నయ్యా, మ్యాపు రంగుల్లో కనిపిస్తుందా అని అడిగావు చూడు, రంగులతో నీకేం పని?

పాపం, షాపాయన హడలిపోయాడు. నీ నల్లకళ్ళద్దాల వంక చూశాడు, చంకలో మడిచి పెట్టుకున్న తెల్లకర్ర వంక చూశాడు, ఆఖరికి నా మొహంలోకి చూశాడు, ఏం చెప్పమంటావమ్మా అన్నట్టు. నేనేం చెప్తాను? నాకే తెలియదాయె. కనిపిస్తుందండీ, బ్రహ్మాండంగా కనిపిస్తుంది అని గొణిగి, ఇంకొన్ని డబ్బాలు తెస్తానంటూ లోపలి గదిలోకి జారుకున్నాడు.

ఇప్పుడిక్కడ మనిద్దరమే. ఈ గాజుబల్ల, దాని కింద బుద్ధిగా పడుకున్న వాచీలు, గోడ మీద కొండ అంచున చేతులు చాపి నిలబడ్డ కండలాయన బొమ్మ. ఆయన వింటే విన్నాడు. చెప్పు.

నవ్వకు. నువ్వలా పెదవి ఒక పక్కకి లాగి నవ్వితే అమ్మ కరుగుతుందేమో గానీ నేను కరగను. చిన్నప్పుడు నా రంగు పెన్సిళ్ళన్నీ దాచేసి కూడా ఇదే నవ్వు నవ్వేవాడివి. అప్పుడూ రంగులతో నీకేం పని లేదు.

పొద్దున్న ఏమన్నావు నాతో? జీపీఎస్ వాచీ ఒకటి కొనాలి, నువ్వే దగ్గరుండి చూడాలి అన్నావు. పిచ్చిదాన్ని, పొంగిపోయాను. ఇన్నాళ్ళూ మన పరుగుకి వాచీ అంటే నేనే కదా. ఎంత దూరం వచ్చాం అంటే నేనే చెప్పాలి, వేగం తగ్గిందా అంటే నేనే చెప్పాలి. మాట్లాడే వాచీ కొనుక్కుంటాడు కాబోలు, నా గొంతుకి కాస్త విశ్రాంతి అనుకున్నాను.

షాపాయనా అదే అనుకున్నాడు. మనం లోపలికి అడుగు పెట్టామో లేదో, మాట్లాడే వాచీ తీసి నీ చేతికి పెట్టబోయాడు. దూరం చెబుతుందట, వేగం చెబుతుందట, గుండె ఎలా కొట్టుకుంటోందో కూడా చెవిలో ఊదుతుందట. నువ్వేం చేశావు? కనీసం తడిమి చూశావా? మాటలు అక్కర్లేదండీ, కొండెక్కేటప్పుడు ఎత్తు సరిగ్గా లెక్క కడుతుందా అన్నావు.

కొండ ఎక్కడిది మధ్యలో? మన నది ఒడ్డు బాటకి కొండ ఎప్పుడొచ్చింది, నాకు చెప్పకుండా?

అక్కడితో ఆగావా. దట్టమైన చెట్ల కింద ఉపగ్రహాలు అందుతాయా అని అడిగావు. మన దారి మొత్తానికి సైకిళ్ళ షాపు ముందు ఒక చెట్టు, బడి గోడ పక్కన ఇంకో చెట్టు. ఆ రెండోదానికి ఆకులు కూడా సరిగ్గా లేవు. దాని కింద ఏ ఉపగ్రహం తప్పిపోతుందన్నయ్యా?

వానలో తడిస్తే తెర మొరాయిస్తుంది కదా, పక్కన నొక్కే బటన్లు ఉన్నది చూపించండి అన్నావు. సరే, అది నేనూ మెచ్చుకున్నాను. చార్జింగు చాలా గంటలు రావాలన్నావు. సరే. దారి తప్పితే వచ్చిన దారినే వెనక్కి తీసుకొస్తుందా అన్నావు. ఇదిగో, ఇక్కడ నాకు మండింది. మనకి ఒక పక్క నది, ఒక పక్క రోడ్డు. దారి తప్పాలంటే నేరుగా నీళ్ళలోకే తప్పాలి. అప్పుడు కావలసింది వాచీ కాదు, పడవ.

ఇక ఆఖరిది. మెల్లగా, నాకు వినపడదనుకుని అడిగావే, పట్టీలో చిన్న సైజు ఉందా అని. నీ మణికట్టు ఎప్పుడైనా చూసుకున్నావా? సరే, చూసుకోలేదు. తడుముకున్నావా? చిన్న పట్టీ నీ బొటనవేలికి కూడా సరిపోదు.

కాబట్టి ఆ వాచీ నీకు కాదు. ఎవరికి?

ఇదిగో, ఆ కర్ర కొస నేలకేసి రాయకు. నువ్వు అబద్ధం వెతుక్కునేటప్పుడే అలా రాస్తావు. నేను రోజంతా ల్యాబులో కూర్చుని కట్టుడు పళ్ళ సెట్లు అరగదీసేదాన్ని అన్నయ్యా. చిగురుకి, పంటికి మధ్య వెంట్రుక పట్టేంత సందు ఉన్నా నా వేలికి తెలిసిపోతుంది. అలాంటిదాన్ని పట్టుకుని నా చెవిలో పూలు పెడతావా?

అసలు నా అనుమానం ఇవాళ్టిది కాదు. మొన్న నాకు జ్వరం వచ్చి వారం పాటు మంచం దిగలేదే, అప్పట్నుంచి ఉంది. నువ్వు లేకుండా ఎలా పరిగెడతాను, నేనూ ఇంట్లోనే ఉంటాను అన్నావు. నా నుదుటి మీద చెయ్యి పెట్టి మరీ అన్నావు. జ్వరంలో కూడా నాకు కళ్ళు చెమర్చాయి. ఆహా, ఏం అన్నయ్య అనుకున్నాను.

జ్వరం తగ్గి మొదటిసారి బయల్దేరిన రోజు గుర్తుందా? బేకరీ మలుపు దగ్గర రోడ్డుకి అడ్డంగా కొత్తగా స్పీడ్ బ్రేకర్ వేశారు. నేను మంచంలో ఉన్నప్పుడు వేసినట్టున్నారు, ఇంకా తారు నల్లగా నిగనిగలాడుతోంది. నేనే గబుక్కున చూసి మన ఇద్దరి వేళ్ళకీ ఉన్న తాడు లాగబోయాను. నేను లాగకముందే నువ్వు కాలెత్తేశావు.

ఎత్తి, దాటేశావు. ఎప్పట్నుంచో తెలిసిన చుట్టం ఇంటి గడప దాటినట్టు.

ఇంట్లో పడుకున్న మనిషికి ఆ బ్రేకరు సంగతి ఎలా తెలిసింది? నీ ఆసుపత్రిలో నువ్వు ఫోన్లు కలుపుతావు, నిజమే. ఫలానా మలుపులో తారు పోశామని ఎవరూ ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పరు కదా?

నేను అడగలేదు. నోరు మూసుకున్నాను. నేను, నోరు మూసుకున్నాను. అది చూసైనా నీకు భయం వెయ్యాల్సింది.

తర్వాత తాడు చూశాను. మూరెడు కూడా లేని తాడు, రెండు కొసలా రెండు ఉచ్చులు, ఒకటి నీ వేళ్ళకి, ఒకటి నా వేళ్ళకి. ఒకసారి లాగితే గుంత, రెండుసార్లు లాగితే మెట్టు, వణికిస్తే పక్కకి ఒదగమని. ఎవరో నేర్పితే వచ్చిన భాష కాదది, పడుతూ లేస్తూ మనమే పుట్టించుకున్నాం. అలాంటి తాడుకి నా వైపు ఉచ్చు వదులైపోయి ఉంది. నా నాలుగు వేళ్ళూ పెట్టినా ఇంకా ఖాళీ. ఎవరో పెద్ద చెయ్యి దూర్చారు. మొదట జ్వరానికి నా వేళ్ళే చిక్కాయేమో అనుకుని పక్కన కూర్చుని వేళ్ళు కొలుచుకున్నాను కూడా. నవ్వు, నవ్వు.

వాసన చూశాను. ముక్కు చిట్లించకు, నువ్వు వాసన చూసి ఇంటికి ఏ చుట్టం వచ్చాడో చెప్పగా లేనిది నేను చూడకూడదా? గ్రీజు. ఖచ్చితంగా గ్రీజు వాసన.

ఇప్పుడు చెప్పు. పెద్ద చెయ్యి, గ్రీజు వాసన. ఇవాళేమో చిన్న పట్టీ. పెద్ద చేతికి చిన్న మణికట్టా? ఇదెక్కడి మనిషి?

మొదట నాకు వేరే అనుమానం వచ్చిందిలే. చెప్పనా? తిట్టవుగా? ఎవరో అమ్మాయి అనుకున్నాను. సన్నటి మణికట్టు, కొండలెక్కే అలవాటు, రంగుల మ్యాపు చూసి మురిసిపోయే కళ్ళు. మా వదిన. నాకు సంతోషమే. అమ్మకి చెప్పనులే అనుకున్నాను. సరే, చెప్తాను. కానీ మెల్లగా చెప్తాను. గ్రీజు వాసన వచ్చే వదినైతే మాత్రం ఏం, ఇంట్లో కుక్కర్ మూత, కుట్టుమిషను, నీ గది తలుపు కిర్రు, అన్నీ ఒక్క రోజులో బాగైపోతాయి.

అయ్యో, చెవులు ఎర్రబడ్డాయే. అంటే వదిన కాదన్నమాట. వదినే అయితే నీకు చెవులు కాదు, మెడ ఎర్రబడుతుంది. ఆసుపత్రి మందుల కౌంటర్ అమ్మాయి గురించి అమ్మ ఎత్తినప్పుడు చూశానుగా.

మరి ఎవరు?

ఏంటీ?

మళ్ళీ చెప్పు. లిఫ్టాయనా? మీ ఆసుపత్రిలో లిఫ్టులు బాగుచేసే ఆయనా?

ఆయన్ని నేను చూశాను కదన్నయ్యా. నీకు టిఫిన్ డబ్బా ఇవ్వడానికి వచ్చినప్పుడల్లా ఆయన కాళ్ళే కనిపిస్తాయి, మిగతా మనిషంతా లిఫ్టు గోతిలో ఉంటాడు. ఒకసారి బయటికొచ్చినప్పుడు చూశాను, చేతులు పారల్లా ఉంటాయి. మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఆయనకి పైకీ కిందికీ తప్ప పక్కకి తిరగడం తెలుసా అసలు? బేకరీ మలుపులో ఎలా తిప్పాడు నిన్ను?

బాగానే తిప్పాడా. సంతోషం.

నేను పడుకున్న వారమంతా పరిగెత్తారా? రోజూ? నేను మాత్ర వేసుకుని నిద్రపోగానే బూట్లు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా మెట్లు దిగేవాడివన్నమాట. అమ్మకి తెలుసా? తెలుసు. అమ్మే తలుపు తీసిందా. బాగుంది. ఇల్లంతా కలిసి నన్ను దొంగచాటుగా రిటైర్ చేసేశారు.

సరే, నేనేం తప్పు చేశానో చెప్పు. ఎప్పుడైనా పడేశానా నిన్ను? ఒక్కసారి, ఒకే ఒక్కసారి బెంచీకి గుద్దించాను. అది కూడా దారిలో కనిపించే గొడుగాయన కబుర్లు నీకు చెప్తూ చెప్తూ. నీ మోకాలికి పట్టీ వేస్తూ నేనే ఏడ్చాను, నువ్వు ఏడవలేదు. ఆ తర్వాత గొడుగాయన ఏం గొణుక్కున్నాడో చెప్పమని కూడా నువ్వే అడిగావు.

నేను ఎక్కువ మాట్లాడతానా? అదా? నాకు రేడియో అని పేరు పెట్టింది ఎవరు? మొదటి రోజుల్లో నేను గుంత, మెట్టు, మలుపు అని పొడిపొడిగా చెప్తుంటే, దారిలో ఇంకేమీ లేవా, ఊరంతా గుంతలేనా అని అడిగింది ఎవరు? అందుకే కదా మొదలుపెట్టాను. బేకరీ ముందు పిల్లి ఒళ్ళు విరుచుకోవడం, వంతెన మీద బస్సులో కిటికీకి తల ఆనించి నోరు తెరుచుకుని నిద్రపోయేవాళ్ళు, బడి గోడ మీద ఎవరో రాసిన ప్రేమలేఖ, దాని కింద ఇంకెవరో దిద్దిన తప్పులు, అన్నీ చెప్పాను. నీకోసం రోజూ కళ్ళు ఇంతింత చేసుకుని చూశాను.

గొడుగాయన్ని చూపించాను. ఎండా లేదు వానా లేదు, రోజూ గొడుగు వేసుకుని నదికేసి నడిచే ఆయన. మొదటి రోజు నల్ల గొడుగు అన్నాను. మర్నాడు నువ్వే, ఇవాళ ఎర్ర గొడుగు తెచ్చాడా అన్నావు. తెచ్చాడన్నాను. అప్పట్నుంచి ఎర్రదే. ఇంట్లో భార్యతో మాటల్లేవు, గొడుగు కింద ఒక్కడే గొణుక్కుంటాడు, ఒకరోజు గొడుగు మర్చిపోయి వచ్చి, పైన ఉందనుకుని చెయ్యి అలాగే ఎత్తి పట్టుకుని నడిచాడు. నువ్వు ఆ రోజు నవ్వలేక ఆగిపోయి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నావు.

రోజూ అడిగేవాడివి. తాడు వేళ్ళకి తగిలించుకుంటూనే, ఇవాళ మనవాడు వస్తాడంటావా అనేవాడివి.

నా జ్వరం తగ్గిన దగ్గర్నుంచి అడగడం మానేశావు.

బ్రేకరు పోనీ, ఉచ్చు పోనీ, గ్రీజు పోనీ. అది మాత్రం నేను మర్చిపోలేకపోయాను అన్నయ్యా. ఎవరో వచ్చారు, నా జాగాలో పరిగెత్తారు, నా గొడుగాయన్ని కూడా పట్టుకుపోయారు అనిపించింది. నేనంతట నేను చెప్పాలంటే మనసు రాలేదు. నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. గుంత, మెట్టు, మలుపు. ఇన్ని రోజులుగా మనం లిఫ్టులో పక్కపక్కన నిలబడ్డ కొత్తవాళ్ళలా పరిగెడుతున్నాం.

ఇప్పుడేమో ఆయనకి వాచీ బహుమతి. నువ్వు కొని, నేను ఎంపిక చేసి. ఎంత బాగుంది చూడు. ఆయన మణికట్టుకి ఈ చిన్న పట్టీ చుట్టాలంటే మూడు కలిపి కుట్టాలి, అది వేరే సంగతి.

ఆగు. షాపాయన వస్తున్నాడు. మొహం మామూలుగా పెట్టుకో.

ఆఁ, పెట్టండి. ఇటు పెట్టండి. లేదండీ, గొడవేం లేదు, మా అన్నయ్యకి కాస్త జలుబు, అందుకే కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. అవునండీ, ఇది తేలికగా ఉంది. బటన్లు అయిదూ వేలికి తెలుస్తున్నాయి. చెట్ల కింద కూడా పనిచేస్తుందంటారు. చాలా సంతోషం. కొండ మీద దారి గీత గీసి చూపిస్తుంది, పక్కకి తప్పితే చేతి మీద గిలిగింత పెడుతుంది. మా అన్నయ్య దానికోసమే వెతుకుతున్నాడు, ఆయనకే చెప్పండి, నాకెందుకు చెప్తారు?

అన్నయ్యా, నా చెయ్యి వదులు.

కొలత చూడాలంటే నీ చేతికి చూసుకో. నా చెయ్యి ఎందుకు? అబ్బ, ఎంత గట్టిగా పట్టుకున్నావు. అది కాదు, ఆ చెయ్యి తాడు పట్టుకునేది కదా, ఆఁ, రెండోది ఇవ్వాలా. ఎందుకు? ఇంత తడుముకుంటూ పెట్టకపోతే షాపాయన పెడతారుగా. నువ్వే పెడతావా. సరే పెట్టు.

సరిపోయింది.

నాకు సరిపోయింది అన్నయ్యా.

ఏంటిది?

కొండ పరుగుకా?

ఎవరు చెప్పారు నీకు? ఈల సారేనా? మైదానంలో మాకు పరుగు నేర్పుతూ ఈల మెళ్ళో వేసుకుని తిరిగే మనిషి కదా, నోట్లో ఈల నిలుస్తుంది గానీ మాట నిలవదు. నాకు ఆయన చెప్పినప్పుడే కాదన్నాను. స్పష్టంగా కాదన్నాను. ఎవరికీ చెప్పొద్దని కూడా అన్నాను. అడవిలో, కొండల మీద అంత దూరం పరుగుకి మైదానం మొత్తంలో నన్ను ఒక్కదాన్నే ఎంపిక చేశారట, సంతోషమే. కానీ అది ఎప్పుడు? నీ పెద్ద పరుగు ఉన్న రోజే. ఆ పొద్దున్నే. నువ్వు ఏడాదిగా ఎదురుచూస్తున్న పరుగు. నేను కొండ మీద ఉంటే నీ తాడు రెండో కొస ఎవరు పట్టుకుంటారు?

ఓహో.

లిఫ్టాయన.

అంటే ముందు నువ్వు ఈల సారు దగ్గరికి వెళ్ళావన్నమాట. ఆయనే వచ్చి చెప్పలేదా? నువ్వే వెళ్ళి కూపీ లాగావా? ఎందుకు? నీకెందుకు అనుమానం వచ్చింది?

తాడు చెప్పిందా.

ఏం చెప్పింది?

నది వంతెన ఎత్తు మొదలవగానే తాడు బిగుస్తుందా. మిగతా దారంతా ఉయ్యాల్లా ఊగే తాడు అక్కడికి రాగానే ఇనప కమ్మీలా అవుతుందా. నేను ముందుకి లాగేస్తానా. కాసేపటికి గుర్తొచ్చి తగ్గుతానా. ఎన్నాళ్ళ నుంచి? చాలా నాళ్ళ నుంచా.

నాకు తెలియదన్నయ్యా. నేను లాగుతున్నానని నిజంగా నాకు తెలియదు.

అబద్ధం. తెలుసు.

ఎత్తు కనిపిస్తే నా కాళ్ళు ఆగవు. వంతెన మొదలు చూస్తే చాలు, లోపల ఏదో తలుపు తీసినట్టుంటుంది. నీతో ఉన్నాను కదా అని పళ్ళు బిగించుకుని తగ్గుతాను. అది తాడులోంచి నీ వేళ్ళకి చేరుతోందని అనుకోలేదు. నేను నీ మీద అనుమానపడుతున్నాను, నువ్వు ఎప్పట్నుంచో నా మీద అనుమానపడుతున్నావు. ఒకే తాడుకి చెరో కొసన కూర్చుని.

ఈ షాపాయన మనల్ని వింతగా చూస్తున్నాడు. ఏం లేదండీ, వాచీ బాగుంది. ఒక్క నిమిషం.

నాకు భయం అన్నయ్యా.

కొండంటే కాదు. ఈల సారు ఆ మధ్య మా అందర్నీ ఊరి బయట గుట్ట మీదికి పంపారని చెప్పానే, మిగతాది నీకు చెప్పలేదు. తాడు లేదు, నువ్వు లేవు, చేతులు రెండూ ఖాళీ. నాకు పరిగెత్తడమే రాలేదు. ఒక చెయ్యి పిడికిలి బిగించుకునే ఉండిపోయింది. పెద్ద రాళ్ళ మెట్టు రాగానే నా చెయ్యి దానంతటదే పక్కకి వెళ్ళి, పక్కన పరిగెడుతున్న అమ్మాయి చొక్కా పట్టుకుని రెండుసార్లు లాగింది. మెట్టు అని పైకి అన్నాను కూడా. ఆ అమ్మాయి ఆగి, నీకు ఒంట్లో బాగానే ఉందా అని అడిగింది. తర్వాత దారంతా నాకు ఆమడ దూరంలో పరిగెత్తింది.

నవ్వు. నువ్వు నవ్వుతావనే చెప్పలేదు.

అక్కడ పైన గాలి ఎలా ఉందో, లోయలో పొగమంచు పాలగిన్నె పొంగినట్టు ఎలా లేచిందో, చూస్తున్నాను గానీ అది నాకు సగమే కనిపిస్తోంది. చెప్తే గానీ మిగతా సగం కనపడదు. అలవాటైపోయింది. నిన్ను నేను నడిపిస్తున్నానని ఊరంతా అనుకుంటోంది. నువ్వు లేకపోతే నాకు చూడడం కూడా రాదని ఎవరికి చెప్పుకోను?

నీకైతే లిఫ్టాయన ఉన్నాడు. ఆయన ఏం చెప్తాడు దారిలో? గుంత, మెట్టు. అంతేనా? అంటే ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి. అదీ నా భయం. నాకు తెలుసు. నువ్వు ఆయన్ని అడిగి ఉంటావు.

అడిగావు కదూ, ఎర్ర గొడుగాయన వచ్చాడా అని.

ఏం చేశాడు?

పరుగు ఆపేసి నది ఒడ్డున నిలబడి నాలుగు వైపులా వెతికాడా. పాపం. గొడుగు కోసం. ఇంకాసేపు ఆగి చూద్దామన్నాడా. అయ్యో, ఎంత మంచి మనిషి. నేను ఆయన్ని ఏమేమో అన్నాను.

సరే, ఆయన పాపం ఇంకా వెతుక్కోక ముందే నేనే చెప్పేస్తాను. గొడుగాయన లేడన్నయ్యా. ఎప్పుడూ లేడు. ఒక పొద్దున్న దారిలో చెప్పడానికి ఏమీ దొరక్క నేనే పుట్టించాను. నువ్వు ఇష్టపడ్డావని పెంచాను. ఆయన భార్య, గొణుగుడు, ఎత్తిన చెయ్యి, అన్నీ నా కోతలే. నీ చూపు మీద నేను ఆడుకున్నానని అనుకోకు. ఆడుకున్నాను, కానీ నీతో.

ఏంటీ?

తెలుసా?

ఎప్పట్నుంచి? మొదటి వాననాటి నుంచా? ఆయన మనల్ని రాసుకుంటూ వెళ్ళాడని నేను చెప్పినప్పుడా? గొడుగు గుడ్డ మీద చినుకుల చప్పుడు లేదా.

లేదు కదూ. పక్కనుంచి గొడుగు వెళ్తే చినుకులు వినపడాలి కదూ. నేను పప్పులో కాలేశాను. కళ్ళున్నదాన్ని, ఆ సంగతి ఎలా తడుతుంది?

తెలిసీ ఇన్నాళ్ళూ అడిగావా రోజూ, పాపం ఆ లిఫ్టాయన్ని కూడా? మరి మొన్నట్నుంచి ఎందుకు మానేశావు?

అలవాటు తప్పుతుందేమో చూద్దామనా. ఎవరికి, నీకా, నాకా?

తప్పిందా?

నాకూ తప్పలేదు.

ఇదే ఇచ్చెయ్యండి బాబూ, డబ్బా అక్కర్లేదు, చేతికే ఉంచుకుంటాను. ఆఁ, రంగుల మ్యాపు ఉన్నదే. మాట్లాడేది వద్దండీ, ఆయన వద్దన్నాడుగా.

అన్నయ్యా, నీ లిఫ్టాయనతో చెప్పు, నా ఉచ్చు ఆ ఒక్క పొద్దుటికే ఆయనది, మర్నాటికి మళ్ళీ నా వేళ్ళకి సరిపోయేలా బిగించి ఇవ్వాలని. చేతులు కడుక్కుని పట్టుకోమను. వంతెన ఎక్కేటప్పుడు నిన్ను లాగొద్దని చెప్పు, అది నా హక్కు.

నేనా? నేనేం చేస్తాను, వెళ్తాను. నన్ను కొండ మీదికి తోసేసి నువ్వు హాయిగా నది ఒడ్డున పరిగెత్తు. ఒక్కదాన్నే నోరు మూసుకుని ఎక్కుతాను, తిరిగొచ్చాక మొత్తం ఒకేసారి నీ చెవిలో పోస్తాను, భరించు. ఈ వాచీకి మాటలు రావు కదా. మంచిదే. పైన గొడుగాయన ఎదురైతే, అక్కడెవరూ లేరని నీకు చెప్పదు.